ఐదు తరగతులకు ఇద్దరు సార్లు ఎట్ల సరిపోతరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

సర్కారు బడుల గురించి పేపర్ల ఎప్పుడు వార్త వచ్చినా ఒక్కటే లెక్క కనబడ్తది, పిల్లలు ఇంతమంది, సార్లు ఇంతమంది, అంటే ఒక్క సారుకు ఇంతమంది పిల్లలు అని. ఆ లెక్క చూస్తే మా ఊరి బడి అంత మంచి బడి ఇంకోటి ఉండదనిపిస్తది. యాభై చిల్లర పిల్లలు, ఇద్దరు సార్లు, ఒక్కొక్కరికి పాతిక మంది. 2020 ల వచ్చిన జాతీయ విద్యా విధానంల గూడ ఒక్క టీచర్‌కు 30 మంది లోపే ఉండాలె, పేదోళ్ళు ఎక్కువ ఉన్న దగ్గర 25 లోపే ఉండాలె అని రాసిన్రు, ఆ లెక్కన మా బడికి ఏ లోటూ లేనట్టే. మరి గసొంటి బడిల మూడో తరగతి పిల్లకు తీసివేతలు ఎందుకు వస్తలేవు? ఆ పిల్లకు తెలివి లేకనా, సార్లు చెప్పకనా అంటే రెండూ కాదు. ఆ లెక్కల పిల్లలున్నరు, సార్లున్నరు, గాని తరగతులు లేవు. నేను ఈ ఉత్తరం రాసేది ఆ ఒక్క ముచ్చట గురించే.

మాది హనుమకొండ జిల్లా, పరకాల దిక్కు ఒక ఊరు. ఊరి పేరు రాస్తలేను, ఎందుకంటే రాస్తే ముందుగాల సంజాయిషీ అడిగేది మా సార్లనే, వాళ్ళ తప్పు ఇసుమంత లేదు. నా బిడ్డ నాలుగో తరగతి, కొడుకు ఒకటో తరగతి, ఇద్దరూ ఊరి బడికే పోతరు. నేను మహిళా సంఘంల ఉన్న, 2024 ల సర్కారు బడుల పనులు చూసుకోనీకి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టినప్పుడు నన్ను గూడ అందుల తీసుకున్నరు. అప్పటిసంది బడికి పోవుడు రావుడు ఎక్కువైంది. నల్లాలు, బాత్రూంలు, కరెంటు రిపేర్లు మా కమిటీ నుంచే చేపించినం, పిల్లల యూనిఫాంలు సంఘాలోళ్ళే కుట్టిన్రు, అవన్నీ మంచిగనే అయినయ్, నేను కాదంటలేను. గాని గోడకు సున్నం వేస్తే కనబడ్తది, ఫోటో దిగొచ్చు, సారు లేని తరగతి ఫోటోల కనబడదు గదా.

చట్టం ఏమంటదో ముందు చెప్త, ఎందుకంటే ఊర్లల్ల చాలామందికి ఇది తెల్వదు, నాకు గూడ కమిటీల చేరినంక మా బడి సారు చెప్తేనే తెలిసింది. విద్యా హక్కు చట్టం 2009 ల చేసిన్రు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని ప్రకారం ప్రైమరీ బడిల 60 మంది దాకా ఉంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు, 120 దాటితే ఐదుగురు, 150 దాటితే ఆ ఐదుగురికి తోడు హెడ్‌మాస్టర్. అంటే తరగతికి ఒక్క సారు రావాలంటే ఊరి బడిల 121 మంది పిల్లలు ఉండాలన్నట్టు. ఇయ్యాల రేపు వరంగల్ చుట్టుపక్కల ఏ చిన్న ఊర్ల అంతమంది ఉన్నరో ఎవరన్న చెప్పాలె. పరకాల, ఆత్మకూరు, నర్సంపేట, గీసుగొండ ఎటు పోయి చూసినా ఇరవై, ముప్పై, యాభై మంది ఉన్న బడులే ఎక్కువ కండ్లబడ్తయ్. ఈ బడులన్నిటికీ చట్టం ఇచ్చేది ఇద్దర్నే. ఆ ఇద్దర్ని గూడ పూర్తిగ ఇస్తే నేను ఈ ఉత్తరం సగమే రాస్తుంటి.

ఒకటి రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీష్, లెక్కలు, మూడు సబ్జెక్టులు. మూడు నాలుగు ఐదు తరగతులకు పరిసరాల విజ్ఞానం కలిసి నాలుగు. మొత్తం కూడితే 18 సబ్జెక్టులు, ఐదు తరగతులు, ఇద్దరు మనుషులు. మా బడిల మేడం దగ్గర ఒకటి, రెండు తరగతులు, సారు దగ్గర మూడు, నాలుగు, ఐదు. ఒకరోజు మీటింగ్ పేపర్ల మీద సంతకాలు పెట్టనీకి పోయి సారు రూంల వెనుక కూసున్న. బోర్డు మీద సుద్దతోని రెండు నిలువు గీతలు గీసి మూడు ముక్కలు చేసిండు. ఒక ముక్కల ఐదో తరగతికి భిన్నాలు, నడిమిట్ల నాలుగోళ్ళకు చూసి రాసుకునుడు, ఈ కొసకు మూడోళ్ళకు తీసివేతలు. ఐదోళ్ళకు ఒక లెక్క చెప్పి మూడోళ్ళ దిక్కు తిరిగేసరికి ఐదోళ్ళల్ల ఇద్దరు చేసుడు అయిపోయి కిటికీ కాడికి పోయిన్రు, మిగిలినోళ్ళు అర్థంకాక ఒకరిది ఒకరు చూసి రాస్తున్నరు. గీ లోపట వంటామె వచ్చి గుడ్లు ఎన్ని తియ్యాలె సారూ అని అడిగింది. ఆయన ఒక్క నిమిషం ఖాళీ లేడు, పొద్దుగాల తొమ్మిదింటి సంది నిలబడే ఉన్నడు, గొంతు పోయింది. పక్క రూంల మేడం రెండో తరగతోళ్ళతోని ఇంగ్లీష్ చదివిస్తున్నది. ఒకటో తరగతి పిలగాడు ఒకడు పలక మీద అక్షరం రాసి మేడంకు చూపిద్దామని లేచి నిలబడ్డడు. మేడం చూడలే, చూసే వీలు లేదు, అటు పది మంది మీద మీద పడి ఉన్నరు. వాడు పలక ఈ చేతిలకెళ్ళి ఆ చేతిలకు మార్చుకుంట కొంచెం సేపు నిలబడి, అరచేతితోని తుడిచి కూసున్నడు. రాసింది తప్పా ఒప్పా వానికి ఎవరు చెప్పాలె?

దీన్ని లెక్క కట్టి చూపిస్త. అదే చట్టంల ప్రైమరీ పిల్లలకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల చదువు ఉండాలని రాసి ఉన్నది. ఇద్దరు సార్లు ఐదు తరగతులు పంచుకుంటే ఒక్కొక్కరికి రెండున్నర తరగతులు. అంటే సారు నిజంగ ఒక తరగతి దిక్కు తిరిగి చెప్పేది ఆ 800 గంటలల్ల 320 గంటలే, అది గూడ సారు ఒక్కరోజు గూడ సెలవు పెట్టకుంటే, ఒక్క మీటింగ్‌కు పోకుంటే. ఒక్క సారే ఉన్న బడిల అయితే 160 గంటలు. మిగతా టైంల పిల్లలు రూంల కూసుంటరు, హాజరు పడ్తది, అన్నం తింటరు, గాని చదువు నడవది. పిల్లలకు లెక్కలు రావట్లేదని సర్వేలు చేసి సార్ల మీద పడేటోళ్ళు ఈ 320 గంటల లెక్క ముందు చూడాలె.

దీనికి తోడు 2022-23 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీష్ మీడియం వచ్చింది. నేను దానికి వ్యతిరేకం కాదు, మా ఊర్ల అందరం కోరుకున్నదే, పుస్తకాలు గూడ ఒక దిక్కు తెలుగు ఒక దిక్కు ఇంగ్లీష్ పెట్టి మంచిగ ఇచ్చిన్రు. గాని ఇంట్ల ఇంగ్లీష్ ముక్క రాని పిల్లకు కొత్త భాషల పాఠం చెప్పాలంటే పక్కన కూసోని చెప్పాలె, నోటితోని పలికించాలె. అదే ఏడాది ఆగస్టు నుంచి తొలిమెట్టు అని మొదలుపెట్టిన్రు, చదువుడు రాసుడు లెక్కలు గట్టిగ రావాలని, ఏ పిల్ల ఏ స్థాయిల ఉన్నదో చూసి ఆ స్థాయికి తగ్గట్టు చెప్పాలన్నరు. ఆలోచన బంగారం లాంటిది. రెండున్నర తరగతులు, అందుల మళ్ళ ఒక్కో తరగతిల మూడు స్థాయిలు, ఒక్క మనిషి ఏ దిక్కు చూడాలె చెప్పున్రి.

ఇగ ఆ ఇద్దర్ల ఒకరు లేని రోజు సంగతి. ట్రైనింగ్ ఉంటది, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడులన్నీ కలిపిన గ్రూపు) మీటింగ్ ఉంటది, ఎన్నికల డ్యూటీ ఉంటది, ఓట్ల లిస్టు పని ఉంటది, మేడం ప్రసూతి సెలవు పెడితే నెలలకు నెలలు ఉంటది. మనుషులన్నంక జ్వరాలొస్తయ్, ఇంట్ల చావులు పెండ్లిళ్ళు ఉంటయ్, సెలవు పెట్టుడు వాళ్ళ హక్కు. ఆ రోజు ఐదు తరగతులను వరండల ఒక్క దగ్గర కూసోబెట్టి ఉన్నొక్కరు కాపలా కాసినట్టే అయితది. ఐదో తరగతి ఆడపిల్లలు చిన్నోళ్ళకు గుణింతాలు చెప్తుంటరు. చూసినోళ్ళు ఎంత ముచ్చటగ ఉన్నదో అంటరు గాని నాకు పానం ఉసూరుమంటది, ఆ పిల్ల తన భిన్నాలు ఎప్పుడు నేర్చుకోవాలె? కరోనాకు ముందు విద్యా వాలంటీర్లు ఉండేటోళ్ళు, చదువుకున్న ఊరి పిల్లలే, తక్కువ జీతమైనా ఖాళీ ఉన్న బడిని పట్టుకొని నడిపిన్రు. కరోనా వచ్చినంక వాళ్ళను మళ్ళ తీసుకోలే.

2024 నవంబర్ల కులాల లెక్క తేల్చనీకి ఇంటింటి కుటుంబ సర్వే చేసిన్రు గదా, దానికి 36 వేల పైచిలుకు ఎస్జీటీలను, అంటే ప్రైమరీ తరగతులకు చెప్పే టీచర్లను, 3 వేల పైచిలుకు ప్రైమరీ హెచ్ఎంలను పెట్టిన్రు. పొద్దటి పూట ఒంటిగంట దాకనే బడి, ఆ తర్వాత సర్వే. ప్రైమరీ బడులే గట్ల ఒంటిపూట నడిచినయ్. సర్వే వద్దని కాదు, మేమూ బీసీలమే, ఎవరు ఎంతమందిమో తేలాలె, దానికి నేను సంతోషపడ్డ. గాని విద్యా హక్కు చట్టం 27 వ సెక్షన్ల టీచర్లను చదువు కాని పనులకు పెట్టొద్దని, పదేండ్లకొకసారి వచ్చే జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం ఈ మూడింటికే మినహాయింపని స్పష్టంగ ఉన్నది. ఏ పని వచ్చినా ముందుగాల ప్రైమరీ సార్లే ఎందుకు యాదికొస్తరు? చిన్న పిల్లల చదువు కొన్ని రోజులు ఆగినా ఎవరికీ కనబడదు, టెన్త్ రిజల్ట్ లెక్క పేపర్ల పడదు, అందుకే. 2027 జనగణనకు మళ్ళ పోక తప్పదు, అది చట్టంల ఉన్నదే కాబట్టి నేను ఏమనను, కాకపోతే ఆ రోజులల్ల బడి ఎవరు నడపాలో ఇప్పుడే ఆలోచన చెయ్యాలె.

ఖాళీలు ఎందుకు ఇంతగనం మిగిలినయ్ అనేది గూడ దాచేది లేదు. 2017 ల టీఆర్టీ, అంటే టీచర్ల భర్తీ పరీక్ష నోటిఫికేషన్ వచ్చింది, 8,792 పోస్టులు. ఆ తర్వాత మళ్ళ ఒక నోటిఫికేషన్ పూర్తిగ నడిచి సార్లు బడికి వచ్చింది 2024 లనే. 2023 ల 5,089 పోస్టులకు వేసిన నోటిఫికేషన్ రద్దు చేసి, 2024 ఫిబ్రవరిల 11,062 పోస్టులకు కొత్తది వేసిన్రు, అందుల 6,508 ఎస్జీటీ పోస్టులే. అక్టోబర్ల పది వేల మందికి నియామక పత్రాలు ఇచ్చిన్రు. ఇది మంచి పని, ఎవరు చేసినా మంచే అంట. మా మండలానికి గూడ కొత్త టీచర్లు వచ్చిన్రు, చిన్నోళ్ళు, హుషారుగ చెప్తున్నరు. గాని నడుమల ఆ ఏడేండ్లు ఏమైనట్టు? 2021 ల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61 కి పెంచిన్రు కాబట్టి మూడేండ్లు ఖాళీలు అంతగ తెల్వలే, 2024 నుంచి మళ్ళ రిటైర్మెంట్లు మొదలైనయ్. ఏ సారు ఏ నెల రిటైర్ అయితడో సర్వీస్ బుక్కుల ఆయన ఉద్యోగంల చేరిన్నాడే తెలుస్తది, దానికి జ్యోతిష్యం అవసరం లేదు. అయినా ప్రతిసారి ఖాళీ అయినంక, బడి పాడైనంక, నిరుద్యోగులు రోడ్డెక్కినంకనే కదులుతరు. మంజూరైన పోస్టులల్ల ఖాళీలు పదో వంతు దాటొద్దని అదే చట్టం 26 వ సెక్షన్ చెప్తున్నది.

సార్లు తక్కువున్న బడికి పిల్లలు తగ్గుతరు, పిల్లలు తగ్గితే రేషనలైజేషన్ పేరు మీద ఉన్న సారును ఇంకో బడికి పంపుతరు, పంపినంక ఇంకింత మంది పిల్లలు పోతరు. మా ఊర్ల పొద్దుగాల ఎనిమిది కాకముందే పసుపు పచ్చ వ్యాన్లు వస్తయ్. ఎక్కిచ్చే తల్లులు ఎవరో బయటోళ్ళు కాదు, నాతోని పత్తేరనీకి వచ్చేటోళ్ళే. ఫీజు, వ్యాన్, పుస్తకాలు కలిపితే ఏడాదికి పాతిక వేలు దాటుతది, సంఘంల లోన్ తీసుకొని కడ్తరు. ఎందుకే అక్కా, సర్కారు బడిల డీఎస్సీ కొట్టొచ్చిన సార్లు ఉన్నరు గదా, ఆ ప్రైవేట్‌ల చెప్పేటోళ్ళు ఇంటర్ డిగ్రీ చేసినోళ్ళు అంటే, ఒక్కటే మాట అంటరు: అక్కడ తరగతికి ఒక టీచరమ్మ ఉంటది చెల్లె. ఆమె ఎంత చదివిందో వాళ్ళకు అక్కర్లేదు, తన పిల్లకంటూ ఒక మనిషి ఉన్నదని ధైర్యం. బుద్ధి తక్కువై పోతున్నరని తల్లిదండ్రులను తిట్టేటోళ్ళు ఉన్నరు, ఇంగ్లీష్ పిచ్చి అంటరు. ఇంగ్లీష్ మీడియం సర్కారు బడిల గూడ వచ్చింది గదా, మరి అందరూ ఎందుకు తిరిగి రాలే? తరగతికి ఒక సారు రాలే కాబట్టి.

గురుకులాల ముచ్చట గూడ ఒకటి ఉన్నది. ఐదో తరగతికి ఎంట్రన్స్ రాసి పోతరు, మంచిదే, పేద పిల్లలకు అవి పెద్ద ఆసరా, నా బిడ్డ గూడ రాస్తది. కాకపోతే నాలుగో తరగతి అయిపోయి మంచిగ చదివేటోళ్ళు అటు పోతే ఊరి బడిల సంఖ్య ఇంకో నలుగురు ఐదుగురు తగ్గుతది, దాని వల్ల మిగిలినోళ్ళకు సారు పోతడు. మిగిలిన పిల్లలు చేసిన పాపమేంది?

కేంద్ర ప్రభుత్వం ఏటా బడుల మీద తీసే యూడైస్ లెక్కలల్ల, 2024-25 కు దేశం మొత్తం మీద ఒక్క పిల్ల గూడ లేని బడులు 7,993 అని వచ్చింది. అందుల పశ్చిమ బెంగాల్ మొదటిది, రెండోది మన తెలంగాణ, 2,245 బడులు. ఇది చూపెట్టి పిల్లలే లేనప్పుడు సార్లెందుకు అని మాట్లాడేటోళ్ళు ఉన్నరు. నేను చెప్పేది ఏందంటే, ఒక్క పిల్ల లేని బడిల సారును ఉంచమని ఎవరూ అడుగుతలేరు, వాళ్ళను పిల్లలున్న బడికి పంపున్రి, సంతోషం. గాని ఆ రెండు వేల చిల్లర బడులు ఒక్కరోజుల సున్నా కాలే గదా. ఒకప్పుడు వాటిల గూడ యాభై మంది ఉండేటోళ్ళు, తర్వాత ముప్పై, తర్వాత పన్నెండు. ఇద్దరు సార్ల నుంచి ఒక్కరు అయిన్నాడు ఆ ఊరి తల్లులు ఏమనుకున్నరో ఎవరన్న పోయి అడిగిన్రా? అదే యూడైస్‌ల ఒక్క టీచరే ఉన్న బడులు దేశంల 1,04,125 అని ఉన్నది. ఒక్క టీచర్ ఉన్న బడికి రెండో టీచర్‌ను ఇయ్యాలని 1987 ల ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పెట్టిన్రు. దగ్గరదగ్గర నలభై ఏండ్లు అయితున్నది.

టౌన్ల కథ వేరే ఉన్నది, అక్కడ దీనికి ఉల్టా. మా చెల్లె కాజీపేట దిక్కు కిరాయికి ఉంటది, వాళ్ళ కొడుకు పోయే సర్కారు బడిల ఒక్క రూంల నలభై దాటి ఉన్నరు, కింద కూసుంటే కాలు చాపే జాగ లేదు. పనికోసం వలస వచ్చినోళ్ళు అంతా టౌన్ చుట్టుపక్కలనే ఉంటరు కాబట్టి అక్కడ పిల్లలు పెరుగుతరు, పోస్టులు మాత్రం ఎప్పటివో అప్పటివే. జిల్లా మొత్తం కూడి భాగిస్తే మా ఊరి పాతిక, వాళ్ళ నలభై ఐదు కలిసి మంచి సగటు వస్తది. ఆ సగటు మా బడిల లేదు, వాళ్ళ బడిల లేదు.

అందుకే నేను అడిగేది తలల లెక్క కాదు, తరగతుల లెక్క. ఇరవై మంది పిల్లలు దాటిన ప్రతి ప్రైమరీ బడికి కనీసం ముగ్గురు సార్లు ఉండాలె, నలభై దాటితే తరగతికి ఒకరు. చట్టం ఇద్దరు చాలన్నది కనీసం లెక్క, అంతకంటే ఎక్కువ ఇయ్యొద్దని చట్టంల ఎక్కడా లేదు. ఖర్చు అయితది, తెలుసు. సర్కారు బడులను బాగుచేసే మన ఊరు మన బడి పథకానికి 2022 ల 7,289 కోట్లు అని ప్రకటించిన్రు, గోడలకు అంత అనుకున్నప్పుడు గోడల నడుమ నిలబడే మనిషికి గూడ అనుకోవాలె. ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌కు ఇద్దరు ముగ్గురు రిజర్వ్ టీచర్లు ఉండాలె, ఏ బడిల సారు సెలవు పెడితే ఆ బడికి పొద్దుగాలనే పోయేటట్టు, ఇది అయితే సగం బాధ తీరుతది. పోస్టులు నిండేదాకా విద్యా వాలంటీర్లను మళ్ళ తీసుకోవాలె, జీతం నెల నెల ఇయ్యాలె, ఆర్నెల్లకోసారి కాదు. డీఎస్సీ ఏటా పెడ్తే అభ్యర్థులకు మంచిది, బడులకు మంచిది. హాజరు ఫోన్ల ముఖం పట్టుడు, గుడ్ల లెక్క, ఆన్‌లైన్ ఎంట్రీలు, ఇవన్నీ కాంప్లెక్స్‌కు ఒక మనిషిని పెట్టి చేపియ్యొచ్చు, ఇద్దరే ఉన్న బడిల ఆ పని సారు మీద వేసుడు అంటే ఒక తరగతి నుంచి గంట గుంజుకున్నట్టే.

ఇంకో చిన్న పని, దీనికి జీవో అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. జూన్ల బడి బాట అని ఇంటింటికి వచ్చి పిల్లలను పంపున్రి అని అడుగుతరు గదా, ఆ వచ్చేముందు ప్రతి బడి గోడ మీద రాయాలె: ఈ బడికి మంజూరైన టీచర్లు ఎంతమంది, ఇప్పుడు ఉన్నది ఎంతమంది, ఎవరైనా డిప్యుటేషన్ మీద ఎటన్న పోయిన్రా, పోతే ఎప్పుడు వస్తరు, ఏ తరగతి ఎవరు చెప్తరు. మండలంల అన్ని బడులవీ కలిపి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుల గూడ పెట్టాలె. మా కమిటీల ఈ మాట ఎత్తితే అందరూ ఒప్పుకున్నరు, పెయింట్ మేమే తెస్తం, గోడ మా బడిదే, రాయనీకి పర్మిషన్ ఇయ్యమని అధికారులను అడుగుతున్నం. వేరే ఊర్ల కమిటీలల్ల ఉన్న అక్కలు గూడ వచ్చే మీటింగ్‌ల ఇదే రాయించి మినిట్స్ బుక్కుల సంతకాలు పెట్టాలని అడుగుతున్న. ఉత్తరం పెద్దగైంది, జాగ లేకుంటే చట్టం లెక్కలన్నా తీసెయ్యున్రి గాని ఈ గోడ మీద రాసే సంగతి మాత్రం జిల్లా ఎడిషన్ల తప్పకుండా వెయ్యున్రి.

ఇట్లు,
అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సభ్యురాలు,
హనుమకొండ జిల్లా